కండ్లకు గాలి కొట్టే మిషన్‌తో తొమ్మిదేళ్లు

"ఏం నాయనా, కంట్లో ఊదితివే!" అంటూ గార్లదిన్నె నుంచి వచ్చిన అవ్వ స్టూలుతో సహా వెనక్కి జరిగింది. కంటి లోపలి ప్రెషర్‌ను గాలితో కొలిచే మిషన్ మా క్లినిక్‌కు కొత్తగా వచ్చిన వారం అది. గడ్డం ఇక్కడ పెట్టు, నుదురు ఆనించు, లోపల లైటు చూడు అని అన్నీ చెప్పాను గానీ గాలి వస్తుందని చెప్పడం మరిచిపోయాను. ఆమె కుడి కంటికి ప్రెషర్ 26 చూపించింది. కాసేపు కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, చెయ్యి పెట్టమని దాని మీద ఒకసారి గాలి కొట్టించి, "ఇంతే అవ్వా, ఇంకేం లేదు" అని మళ్లీ తీస్తే 17. ముందొచ్చిన 26లో మూడో వంతు భయానిదే. అంతకు ముందు రెప్పలు బిగించి, ఊపిరి బిగబట్టి కూర్చుంది పాపం.

మాది అనంతపురం సాయినగర్‌లో చిన్న కంటి క్లినిక్. డాక్టరమ్మ ఒకరు, నేను, కౌంటర్లో ఒక అక్క. అద్దాల నంబర్లు చూడటం, కంటి ప్రెషర్ చూడటం, చుక్కలు వేసి కూర్చోబెట్టడం నా పని. 2016లో జపాన్ తయారీ మిషన్ ఒకటి కొన్నాం. అప్పట్లో మూడున్నర లక్షలు పడింది. కంపెనీ పేరు ఇక్కడ అవసరం లేదు, ఈ రకం మిషన్లన్నీ దాదాపు ఒకే తీరు. రోజుకు ముప్పై నలభై మందికి తీస్తుంటాను. తొమ్మిదేళ్ల తర్వాత దీని మంచీ చెడూ చెప్పే హక్కు నాకుందనుకుంటున్నా.

ముందు సంగతి కొంచెం చెప్పాలి. నేను కర్నూల్లో కోర్సు చేసేటప్పుడు ప్రెషర్ చూడటమంటే షియోట్జ్. నార్వే డాక్టరు షియోట్జ్ 1905లో తెచ్చిన పరికరం. పేషెంటును వెల్లకిలా పడుకోబెట్టి, తిమ్మిరి చుక్క వేసి, చిన్న కడ్డీ ఉన్న ఆ పరికరాన్ని నల్లగుడ్డు మీద నిలబెట్టాలి. 5.5 గ్రాముల బరువుకు ముల్లు ఎంత కదిలిందో చూసి పట్టికలో లెక్క చూసుకోవాలి. ముల్లు తక్కువ కదిలితే ప్రెషర్ ఎక్కువని అర్థం. ఇది తలకెక్కడానికే నాకు నెల పట్టింది. తర్వాత స్లిట్ ల్యాంపుకు, అంటే కంటిని పెద్దదిగా చూపే మైక్రోస్కోపుకు, తగిలించే గోల్డ్‌మన్ అనే పరికరం. నేటికీ డాక్టర్లు నమ్మేది దాన్నే. చుక్క వేసి, పసుపు రంగు ఫ్లోరసీన్ అద్ది, నీలి వెలుగులో ప్రిజమ్‌ను కార్నియాకు (నల్లగుడ్డు మీది పారదర్శక పొరకు) ఆనించి, కనిపించే రెండు అర్ధవృత్తాల లోపలి అంచులు కలిసేదాకా డయల్ తిప్పుతారు. ప్రిజమ్ కింద 3.06 మిల్లీమీటర్ల అడ్డుకొలత ఉన్న వృత్తం చదునైతే, దానికి పట్టిన బలమే లెక్క. చాలా కచ్చితం. కానీ ఒక్కొక్కరికి అయిదు నిమిషాలు, చుక్కలు, ప్రతిసారీ ప్రిజమ్ శుద్ధి చేయడం. సోమవారం పూట హాలు నిండా జనం ఉంటే అది అందరికీ జరిగే పని కాదు.

గాలి మిషన్ పనితీరు తెలియకుండా వాడేవాళ్లే ఎక్కువ. నేనూ మొదటి రెండేళ్లు అలాగే వాడాను. సైకిల్ షాపులో ట్యూబుకు గాలి పెట్టి బొటనవేలితో నొక్కి చూస్తారు కదా, మూలం అదే. వేలికి బదులు గాలి నొక్కుతుంది. లోపల చిన్న సిలిండరు, అందులో పిస్టన్. కన్ను సరిగ్గా కుదిరిందని మిషన్‌కు తోచగానే సోలినాయిడ్ (కరెంటు అయస్కాంతం) ఆ పిస్టన్‌ను తోస్తుంది. గాలి ఒత్తుకుని సన్నటి మొనలోంచి కంటి మీదికి వస్తుంది. మా మిషన్‌లో మొనకూ నల్లగుడ్డుకూ మధ్య దూరం 11 మిల్లీమీటర్లు. ఇదే సమయంలో ఒక పక్క నుంచి కంటికి కనబడని పరారుణ కాంతి ఏటవాలుగా కార్నియా మీద పడుతుంటుంది, రెండో పక్క దాన్ని అందుకునే సెన్సార్ కాచుకుని ఉంటుంది. కార్నియా గుండ్రంగా ఉన్నంతసేపు ఆ కాంతి నాలుగు దిక్కులా చెదిరిపోతుంది. గాలి తోపుకు నడిమి భాగం చదునైన క్షణాన అద్దం ముక్కలా మారి కాంతినంతా సెన్సార్ వైపుకు తిప్పుతుంది. ఇంకాస్త తోస్తే గుంట పడి మళ్లీ చెదురుతుంది. అంటే కాంతి ఒక్కసారి శిఖరానికి ఎక్కి దిగుతుంది. ఆ శిఖరం దగ్గర గాలి ఒత్తిడి ఎంతో మిషన్ పట్టుకుంటుంది, దాన్నే పాదరసం మిల్లీమీటర్లలోకి మార్చి చూపిస్తుంది. కంట్లో ప్రెషర్ ఎక్కువైతే చదును చేయడానికి ఎక్కువ గాలి కావాలి, అంతే.

అమెరికాలో బెర్నార్డ్ గ్రోల్మన్ 1972లో వివరించిన మొదటి మిషన్ ఒత్తిడిని నేరుగా కొలిచేది కాదు. గాలి బలం కాలంతో పాటు ఒకే వరసలో పెరిగేట్టు చేసి, చదును కావడానికి ఎంత సమయం పట్టిందో లెక్కబెట్టేది. ఇప్పటివాటిలో లోపలి గాలిగదికే ప్రెషర్ సెన్సార్ ఉంటుంది. ఈ గాలిగది మాట గుర్తుంచుకోండి, తర్వాత దీంతోనే నాకు పెద్ద తంటా వచ్చింది.

ఇదంతా జరిగేది మిల్లీసెకన్లలో. మనం రెప్ప కొట్టే లోపే కొలత అయిపోతుంది. పేషెంట్లు ఉలిక్కిపడేది గాలికి కాదు, ఆ "టప్" చప్పుడుకు. అందుకే ఇప్పుడు నేను ప్రతి ఒక్కరికీ ముందే చెప్తాను: "చిన్న చప్పుడొస్తుంది, గాలి తగులుతుంది, నొప్పి ఉండదు." ఈ ఒక్క మాటతో కొలతలు ఎంత కుదుటపడ్డాయో చెప్పలేను. పంచెకట్టు పెద్దమనుషులు చొక్కా మెడ గుండీ పెట్టుకుని వస్తే విప్పమంటాను. మెడ బిగుతుగా ఉన్నా, ఊపిరి బిగబట్టినా అంకె పైకి పోతుంది. రెప్పలు వాలిపోయినవాళ్లకు పైరెప్పను నేనే పట్టి ఎత్తాలి, ఎత్తేటప్పుడు వేలు గుడ్డును నొక్కకుండా ఎముక మీద ఆనాలి. కొత్తగా చేరిన పిల్లలు చేసే తప్పు ఇదే. గుడ్డును నొక్కిపెట్టి "సార్, 30 వచ్చింది" అంటారు.

ఒక్క కొలతను ఎప్పుడూ నమ్మకండి. గుండె కొట్టుకునే ప్రతిసారీ కంటి ప్రెషర్ రెండు మూడు మిల్లీమీటర్లు ఎగుడుదిగుడవుతుంది. గోల్డ్‌మన్‌లో డాక్టరు ఆ ఊపును కళ్లారా చూసి నడిమి అంకె తీసుకుంటారు. గాలి మిషన్‌కు ఆ వీలు లేదు, దానికి దొరికేది ఒక్క క్షణం. ఒక దెబ్బకు 15, ఇంకో దెబ్బకు 18 వస్తే మిషన్ పాడైందని కాదు. మూడు తీసి సగటు చూస్తాను. మూడూ ఒకదానికొకటి మరీ దూరంగా ఉంటే రెండు నిమిషాలాగి మళ్లీ మొదలు. మా మిషన్ నమ్మకం లేని అంకెను బ్రాకెట్లో వేసి చూపిస్తుంది. అది దాని నిజాయితీ, మనం ఆ బ్రాకెట్ తీసేసి రాయకూడదు.

సాధారణంగా 10 నుంచి 21 దాకా మామూలు అంటారు. దాని మీద కూడా జనానికి తికమకే. "నాకు బీపీ లేదప్పా, ప్రెషర్ ఎందుకు చూస్తావు?" అని బుక్కరాయసముద్రం రైతు ఒకాయన వాదనకు దిగాడు. కంటి ప్రెషర్ వేరు, చేతికి పట్టీ కట్టి చూసేది వేరు అని రోజుకు పదిసార్లు చెప్పాల్సిందే. నీటికాసుల జబ్బు (గ్లకోమా) అంటే మాత్రం పెద్దవాళ్లకు ఎంతోకొంత అర్థమవుతుంది. ఆ జబ్బులో నొప్పి లేకుండా పక్కచూపు పోతూ పోతూ, తెలిసేసరికి నరం చెడిపోయి ఉంటుంది. పోయిన చూపు తిరిగి రాదు. అందుకే నలభై దాటినవాళ్లందరికీ, అద్దాలకు మాత్రమే వచ్చినా సరే, నేను గాలి కొట్టి పంపుతాను. 2019 అక్టోబరు 10న కంటి వెలుగు పథకం మా అనంతపురంలోనే మొదలైంది. ఆ రోజుల్లో అద్దాల మీద జనానికి ధ్యాస పెరిగి మా దగ్గరికీ చాలామంది వచ్చారు. అంతమందికి చుక్కలు వేసి గోల్డ్‌మన్ తీయడం మా ముగ్గురి వల్ల అయ్యేదా?

దీని బలహీనత కార్నియా మందం. సగటు మందం అరమిల్లీమీటరుకు కాస్త ఎక్కువ. దళసరిగా ఉన్న కార్నియాను చదును చేయడానికి గాలి ఎక్కువ పడుతుంది, లోపల ప్రెషర్ మామూలుగా ఉన్నా అంకె పెరుగుతుంది. పలచగా ఉంటే తగ్గుతుంది. గోల్డ్‌మన్‌కూ ఈ దోషం ఉంది గానీ గాలి మిషన్ ఇంకాస్త ఎక్కువ మోసపోతుంది. బెంగళూరులో ఉద్యోగం చేసే మా ఊరి పిల్లలు లేజర్ చేయించుకుని అద్దాలు తీసేసి వస్తారు కదా, వాళ్లకు కార్నియా పలచబడి ఉంటుంది. గాలి మిషన్ 11 చూపిస్తే సంబరపడటానికి లేదు. అలాంటివాళ్ల చీటీ మీద "లేజర్ అయింది" అని ఎర్ర పెన్నుతో రాయడం నా అలవాటు. ప్రెషర్ బాగా ఎక్కువున్నప్పుడు కూడా దీన్ని పూర్తిగా నమ్మను. 24 దాటితే డాక్టరమ్మ గోల్డ్‌మన్‌తో తీస్తారు. ఆపరేషన్ అయి కొద్దిరోజులే అయినవాళ్లకు, దెబ్బ తగిలి గుడ్డు చిట్లిందేమోనని అనుమానం ఉన్నవాళ్లకు, నల్లగుడ్డు మీద పుండు ఉన్నవాళ్లకు అసలు గాలి కొట్టను.

మెచ్చుకోవాల్సింది పిల్లల విషయంలో. మా దగ్గర దుమ్ముకు కండ్లు దురదపెట్టే పిల్లలు ఎక్కువ. కళ్యాణదుర్గం వైపు నుంచి పద్నాలుగేళ్ల అబ్బాయిని వాళ్ల నాయన తీసుకొచ్చాడు, అద్దాలు కావాలని. కండ్లు మసకగా ఉన్నాయంటాడు. చీటీ రాస్తూ "ఏం చుక్కలు వేస్తున్నారు?" అంటే సంచిలోంచి చిన్న సీసా తీశాడు. మందుల షాపులో ఇచ్చిన స్టెరాయిడ్ చుక్కలు, రెండేళ్లుగా దురద వచ్చినప్పుడల్లా వేస్తున్నారు. దురద టక్కున తగ్గుతుంది కాబట్టి మళ్లీ మళ్లీ అదే. మామూలుగా 30 దాకా కొలిచే స్థాయిలోనే మొదలుపెడతాం, గాలి మెత్తగా వస్తుంది. తెర మీద "ఓవర్" అని పడింది. 60 స్థాయికి మార్చి తీస్తే 38. రెండో కంటికి 35. పేషెంటు చిన్నోడు, గోల్డ్‌మన్ దగ్గర కదలకుండా కూర్చోవడం కష్టం. గాలి మాత్రం నవ్వుతూ తీయించుకున్నాడు, "ఇంకోసారి కొట్టు అన్నా" అన్నాడు కూడా. ఆ రోజే డాక్టరమ్మ ఆ చుక్కలు మాన్పించి ప్రెషర్ మందు మొదలుపెట్టారు. స్టెరాయిడ్ చుక్కలతో కొందరికి ప్రెషర్ ఇలా పెరుగుతుంది, పెరిగినట్టు వాళ్లకు తెలియదు.

ఇక నా తంటా. 2019 ఎండాకాలంలో ఒక వారం అంతా ఎవరికి తీసినా 20, 22, 23. మొదట్లో ఎండలకేమో అనుకున్నా, తెలివి తక్కువతనం. డాక్టరమ్మ గోల్డ్‌మన్‌తో చూస్తే అందరికీ 15, 16 వస్తున్నాయి. మూడో రోజు నా కంటికే తీసుకున్నా. నాది ఎప్పుడూ 14. మిషన్ 19 అంది. కంపెనీ డీలరుకు ఫోన్ చేస్తే "సర్వీసు కాంట్రాక్టు అయిపోయింది, రెన్యూ చేస్తేనే మనిషిని పంపుతాం" అన్నారు. డబ్బు కట్టాక కూడా తొమ్మిది రోజులకు బెంగళూరు నుంచి ఇంజినీరు వచ్చాడు. ఆ తొమ్మిది రోజులూ మిషన్ మీద గుడ్డ కప్పేసి గోల్డ్‌మన్‌తోనే నెట్టుకొచ్చాం.

అతను టార్చి వేసి భూతద్దంతో మొనలోకి చూసి, సన్నటి పట్టకారుతో తెల్లటి పోగు ఒకటి బయటికి లాగాడు. దూది. అగ్గిపుల్లకు దూది చుట్టి స్పిరిట్‌లో ముంచి మొన తుడిచేది ఎవరు? నేనే. శుభ్రంగా ఉంచుదామని చేసిన పనే కొంప ముంచింది. ఆ పోగు సన్నటి రంధ్రాన్ని కొంత మూసేసింది. లోపలి గాలిగదిలో ఒత్తిడి ఎప్పటిలాగే పెరుగుతోంది, కానీ కంటిదాకా చేరే గాలి తగ్గింది. కార్నియా చదును కావాలంటే లోపల ఇంకా ఎక్కువ పెరగాలి. సెన్సార్ ఉన్నది లోపల కాబట్టి అది ఎక్కువే చూపిస్తుంది. మిషన్ అబద్ధం చెప్పలేదు, తన గదిలో ఉన్నదే చెప్పింది. ఇంజినీరు అంతా విప్పి తుడిచి, తన వెంట తెచ్చుకున్న పరికరంతో సరిచూసి, నా కంటికి తీసి 14 చూపించాక గానీ టీ తాగలేదు.

అప్పటి నుంచి పొద్దున్నే షట్టర్ ఎత్తగానే ముందు రెండు మూడుసార్లు ఖాళీగా గాలి కొట్టిస్తాను. రాత్రి చేరిన దుమ్ము పోతుంది. తర్వాత నా కుడి కంటికి, కౌంటర్ అక్క కుడి కంటికి తీసి గోడ మీది క్యాలెండరులో ఆ రోజు గడిలో రాస్తాను. నాది 14, అక్కది 17. రెండూ ఒకేవైపుకు జరిగితే మిషన్‌ది తప్పు, ఒక్కటే జరిగితే మనిషిది. మొనను ఇప్పుడు దూది పోగులు రాలని గట్టి స్వాబ్‌తో, కొంచెమే స్పిరిట్‌తో, బయటి అంచు మాత్రమే తుడుస్తాను. తడి ఆరేదాకా ఎవరికీ కొట్టను. స్పిరిట్ తుంపర కంట్లో పడితే ఆ మంట మామూలుగా ఉండదు. మొన చుట్టూ ఉన్న అద్దానికి మొదట బ్లోయరుతో గాలి, ఆ తర్వాతే లెన్స్ పేపరు. దుమ్ము మీద నేరుగా గుడ్డ రుద్దితే గీతలు పడతాయి.

మా ఊరి దుమ్ము సంగతి వేరే చెప్పాలా? ఆషాఢం గాలి మొదలైందంటే రామగిరి కొండల మీద గాలిమరలకు పండగ, మాకు తిప్పలు. కిటికీ మూసినా సాయంత్రానికి బల్ల మీద వేలితో పేరు రాసుకోవచ్చు. అందుకే మిషన్‌ను రోడ్డు వైపు గదిలోంచి లోపలి గదికి మార్చాం. అక్కడ ఎండ నేరుగా పడదు కూడా. పడమటి కిటికీ ఎండ పడితే కంటిని పట్టుకోలేక మిషన్ తడబడేది, ఎండలోనూ పరారుణం ఉంటుంది కదా. ఫ్యాను గాలి పేషెంటు మొహానికి తగలకూడదు. కన్ను ఆరిపోతే కొలత చెదురుతుంది, అందుకే ప్రతి దెబ్బకు ముందు రెండుసార్లు రెప్పకొట్టమంటాను. మార్చేటప్పుడు ఒక జాగ్రత్త: పై భాగం జరగకుండా కింద లాక్ స్క్రూ ఉంటుంది, అది బిగించకుండా ఎత్తకండి. మేం బిగించలేదు. ఆ తర్వాత జాయ్‌స్టిక్ ఆర్నెల్లు బండిచక్రంలా కిర్రుమంది.

2020లో కరోనా రాగానే డాక్టరమ్మ దీన్ని ఆపించేశారు. గాలి కన్నీటి పొర మీద కొడితే సన్నటి తుంపర లేస్తుంది, ఎదురుగా ఉండేది నా మొహమే. చాలా నెలలు చుట్టిపెట్టి ఉంచి, మళ్లీ మొదలుపెట్టినప్పుడు తలుపు తెరిచి, ఒక్కొక్కరికీ నడుమ తుడుస్తూ వాడాం. గడ్డం కాగితం ప్రతి పేషెంటుకూ మార్చడం, నుదురుపట్టీకి స్పిరిట్ పెట్టడం అప్పటి నుంచి మానలేదు. ఎర్రకన్ను వచ్చినవాళ్లకు ఇప్పటికీ కొట్టను.

ప్రింటరు మీద నాకు కోపం. వేడికి నలుపెక్కే ఆ కాగితం మీది అంకెలు మా ఎండలకు ఏడాది తిరగకముందే మాయమవుతాయి. నీటికాసుల పేషెంటుకు అయిదేళ్ల కిందటి అంకె కావాలి, ఫైలు తీస్తే తెల్ల చీటీ! ఇప్పుడు చీటీతో పాటు కేసు షీటు మీద పెన్నుతో రాస్తాను, టైముతో సహా. పొద్దున తీసినదానికీ సాయంత్రం తీసినదానికీ తేడా ఉంటుంది, చాలామందికి పొద్దున ఎక్కువ. ఒకసారి పొద్దున, ఒకసారి సాయంత్రం తీసి "మందు పనిచేస్తోంది" అనుకుంటే పొరపాటే.

కరెంటు విషయంలో పెద్దగా చెప్పేదేం లేదు. యూపీఎస్ పెట్టాం, ఒక ఫ్యూజు పోయింది, అంతే.

కొనాలా అని అడిగే జూనియర్లకు నా మాట ఇది: రోజుకు పదిమంది కన్నా ఎక్కువ చూస్తూ, పక్కన గోల్డ్‌మన్ ఉండి, దాన్ని వాడటం వచ్చినవాళ్లు ఉంటే కళ్లు మూసుకుని కొనండి. గోల్డ్‌మన్‌కు బదులుగా కొంటానంటే మాత్రం వద్దు. సెకండ్ హ్యాండ్ దొరికితే అమ్మేవాడి మాట వినకుండా మీ కంటికీ వాళ్ల కంటికీ తీయించి, అదే పూట గోల్డ్‌మన్‌తో పోల్చి చూడండి. సర్వీసు కాంట్రాక్టు కాగితంలో మనిషి ఎన్ని రోజుల్లో వస్తాడో రాసి ఉందా అని ముందే చదవండి. నేను చదవలేదు.

మా మిషన్‌కు ఈమధ్య పిస్టన్ చప్పుడు కొంచెం మారింది, "టప్" కాస్త "టుప్" అయింది. అంకెలు మాత్రం గోల్డ్‌మన్‌కు ఒకటి రెండు అటూ ఇటూగానే ఉన్నాయి. కార్నియా మందం కూడా కొలిచే కొత్త మోడలు తీసుకోమని డీలరు తిరుగుతున్నాడు. డాక్టరమ్మ నన్ను అడిగారు. మందం కొలిచే చిన్న పరికరం విడిగా కొనుక్కుని దీన్నే ఇంకో రెండేళ్లు నడుపుదాం మేడం అన్నాను. ఈ పొద్దు క్యాలెండరులో నాది 14, అక్కది 18.